దసరా సెలవుల ముందు బడిలో కార్యక్రమం పెట్టాలా, పాఠాలు చెప్పాలా?

సింగ్‌నగర్ నాన్న (2024 సెప్టెంబర్ 27, రాత్రి)
మా పాప చదివేది విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఒక కార్పొరేషన్ బడి. ఒకటి నుంచి ఐదు దాకా ఉంది. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వరద నీళ్లు కింద గదుల్లోకి వచ్చాయి. నీళ్లు పోయాక బురద, బురద ఎత్తాక వాసన. ఈ నెలలో పాఠాలు జరిగింది అంతంత మాత్రమే. అక్టోబర్ 3 నుంచి దసరా సెలవులు, 2న గాంధీ జయంతి. అంటే 1వ తేదీ మంగళవారమే ఆఖరి రోజు. ఆ మధ్యాహ్నం తల్లిదండ్రుల్ని కూడా పిలిచి, పిల్లల చేత పాటలు పాడించి, అందరం కలిసి భోంచేద్దామని హెడ్ మేడమ్ అంటున్నారు. అందుకు బడి కమిటీ వాళ్లు ఇంటికి వంద రూపాయలు అడిగారు. కొందరేమో ఆ పూట కూడా పాఠాలే చెప్పాలి, సెలవుల్లోనూ క్లాసులు పెట్టాలి అంటున్నారు. నాకు మాత్రం కార్యక్రమం జరగాలనే ఉంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
జరగకూడదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్పష్టంగా ఉంది: ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. బోధన గంటలు అన్నారు, బడి తలుపు తీసి ఉంచిన గంటలు అనలేదు. వరద వల్ల పోయినవి మన చేతిలో లేవు, మంగళవారం మధ్యాహ్నం మన చేతిలోనే ఉంది. దాన్ని కూడా పోగొట్టుకుంటామంటే ఎలా?

కృష్ణలంక
పిల్లల్ని కాస్త నవ్వనివ్వండి మాస్టారూ.

పాయకాపురం టీచర్
నేను ఇదే ప్రాంతంలో వేరే బడిలో రెండో తరగతికి చెబుతాను. లోపల ఏం జరుగుతోందో చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

బడి తెరిచిన మొదటి రోజు సగం మంది కూడా రాలేదు. కొందరు అమ్మమ్మ గారి ఊళ్లకు వెళ్లి ఇంకా రాలేదు. వచ్చినవాళ్లలో చాలామందికి సెమిస్టర్-1 పుస్తకాలు లేవు. ఒక పాప తన తెలుగు పుస్తకాన్ని డాబా మీద ఆరబెట్టి తెచ్చింది. పేజీలు అంటుకుపోయి, ఒకటి తీయబోతే మూడు కలిసి వస్తున్నాయి. అయినా వేరే పుస్తకం తీసుకోనంటుంది, దాని మీద తన పేరు ఉందట. మొన్న మధ్యాహ్నం ఉరిమింది. వెనక బెంచీ బాబు ఎవరికీ చెప్పకుండా సంచి సర్దుకుని వెళ్లి మేడమెట్ల మీద కూర్చున్నాడు. కిందికి రమ్మంటే, "నీళ్లు వచ్చాక ఎక్కలేం టీచర్" అన్నాడు. వాడికి ఆ గంటలో నేను తీసివేతలు చెప్పాను అని రిజిస్టర్లో రాస్తే మీ 800లో అదీ కలుస్తుంది.

పిల్లలు వాళ్ల అమ్మానాన్నల్ని బడిలో చూసి, ఇక్కడ భయం లేదని నమ్మితే ఆ తర్వాత చెప్పేది బుర్రకెక్కుతుంది. నేనైతే ఆ పూట కార్యక్రమమే పెడతాను.

లెక్కల మాస్టారు
భయం పోగొట్టడం బోధన గంటల కిందికి రాదు. అది అవసరం కాదని నేను అనడం లేదు. ఆ పూట గంటలు ఏ శనివారం కలుపుతారో ముందు రాసి ఇవ్వమనండి, అప్పుడు చేసుకోండి.

ఐదో తరగతి అమ్మ
మాస్టారితో నేను ఏకీభవిస్తున్నాను, కారణం మాత్రం వేరు. మా పెద్దాడు కోవిడ్ ఏడాదిలో రెండో తరగతి. 2021 ఫిబ్రవరి 1న చిన్న తరగతులు తెరిచారు, ఏప్రిల్‌లో మళ్లీ మూసేశారు. పరీక్ష లేదు, అందరూ పాస్ అన్నారు. ఆ రోజు మేమూ సంతోషించాం. ఇప్పుడు వాడు ఆరో తరగతి. సాంఘిక శాస్త్రం పాఠం పైకి చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. వాడి టీచర్ని అడిగితే "కోవిడ్ బ్యాచ్ అండీ" అంటారు. ఇంకో బ్యాచ్‌కి "వరద బ్యాచ్" అని పేరు పెట్టనివ్వను. సెలవుల్లో క్లాసులు పెట్టండి, నేను టిఫిన్ కట్టి పంపిస్తాను.

చెన్నై తెలుగు
2015 డిసెంబర్ వరదలప్పుడు ఇక్కడ అర్ధ సంవత్సర పరీక్షల్ని జనవరికి జరిపారు. పిల్లలకు ఊపిరి పీల్చుకునే టైమ్ దొరికింది. మీరూ పరీక్ష వాయిదా అడగండి.

బందరు రోడ్డు
అసలు బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడేదాకా ఎవరేం చేశారు? ముందు అది అడగండి.

నిర్వాహకుడు
బుడమేరు గండ్ల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి.

పాయకాపురం టీచర్
@ఐదో తరగతి అమ్మ: మీ బాధ నాకు అర్థమైంది అక్కా. కానీ సెలవుల్లో క్లాసు పెడితే వచ్చేది ఇప్పుడు వస్తున్నవాళ్లే. ఊళ్లకు వెళ్లినవాళ్లు అప్పుడూ రారు. వెనకబడినవాళ్లు ఇంకా వెనకబడతారు. సెలవులయ్యాక అక్టోబర్ 14న బడి తెరిచాక రోజూ ఒక గంట ఎక్కువ చెబుదాం, ఊరి నుంచి వచ్చినవాళ్లకూ అందుతుంది.

లెక్కల మాస్టారు
రోజూ గంట ఎక్కువ అంటే ఎవరు, ఏ టైమ్‌లో చెబుతారు? కాగితం మీద పెట్టండి.

కింద పోర్షన్
వంద రూపాయల సంగతి ఎవరూ మాట్లాడరేం?

కమిటీ సభ్యుడు
ఆ వంద తప్పనిసరి కాదండీ. స్వీటుకి, మైకుకి. ఇవ్వలేనివాళ్లు ఇవ్వనక్కర్లేదు అని చెప్పాం.

కింద పోర్షన్
ఎవరికి చెప్పారు? మా సందులో గుమ్మం దగ్గర నిలబడి పుస్తకంలో పేరు రాసుకుని అడిగారు. పేరు రాసుకుని అడిగితే తప్పనిసరి కాదంటే ఎవరు నమ్ముతారు? మంచం, బియ్యం డబ్బా, మిషను అన్నీ పోయిన ఇళ్లు అవి.

కమిటీ సభ్యుడు
అమ్మా, ఈ నెలలో నేను కూడా ఇల్లు వదిలి బడి దగ్గరే ఉన్నాను. పడవలో వచ్చిన పాల ప్యాకెట్లు మోశాను. వంద రూపాయలకు ఇంత మాట అంటే ఎలా?

కింద పోర్షన్
వంద రూపాయల గురించి కాదు. అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తాను.

నీళ్లు తగ్గాక దాతలు ఇచ్చిన సరుకుల సంచులు, పిల్లల నోటుబుక్కులు బడికి వచ్చాయి. టోకెన్లు కమిటీ చేతికిచ్చారు. మెయిన్ రోడ్డు వైపు మేడల్లో పై అంతస్తు వాళ్లకు కూడా సంచి అందింది. మా సందు మొత్తం కింద పోర్షన్లే, అందరం అద్దెకు ఉండేవాళ్లం. ఒక్క టోకెన్ రాలేదు. అడిగితే "మీరు లేరు కదా" అన్నారు. మెడలోతు నీళ్లుంటే పిల్లల్ని పెట్టుకుని ఎక్కడుంటాం? మా అత్తగారి ఊరు వెళ్లాం. కింద అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తు ఇంటికి 10 వేలు ఇస్తామని ప్రభుత్వం అంది. నష్టం లెక్క రాయడానికి వచ్చిన రోజు కూడా మేం లేం. ఆ అర్జీ పట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్నాం.

మా వాడికి నోటుబుక్కు లేక పాత క్యాలెండర్ వెనక రాసుకుంటున్నాడు. ఇప్పుడు ఆ బడిలోనే అందరం ఒక్కటే అని వరసలో కూర్చుని భోంచేసి ఫోటో దిగాలా? ఆ సంచులు ఎవరెవరికి వెళ్లాయో ముందు చెప్పండి.

కృష్ణలంక
ఇది తెలియదమ్మా. ఏ సైజు పుస్తకాలు కావాలో చెప్పండి, రేపు తెస్తాను.

కింద పోర్షన్
అన్నా, మీ మంచితనానికి దండం. నాకు పుస్తకాలు కాదు, జాబితా కావాలి.

కమిటీ సభ్యుడు
దొంగతనం చేశామంటున్నారా? జాబితా నా ఒక్కడి దగ్గర లేదు. ఆ గందరగోళంలో ఎదురుగా ఉన్నవాళ్లకు ఇచ్చాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు.

ఐదో తరగతి అమ్మ
ఎదురుగా ఉన్నవాళ్లకు అంటే మీకు తెలిసినవాళ్లకు. నాకూ రెండు సంచులు వచ్చాయి, మాది మొదటి అంతస్తు. అవి ఎవరి వాటావో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

లెక్కల మాస్టారు
జాబితా రాయకుండా పంచడం నియమం కాదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది, ఆ మధ్యాహ్నం గంటలు ఎప్పుడు కలుపుతారు?

పాయకాపురం టీచర్
మాస్టారూ, దయచేసి ఒక్క రోజు ఆ గంటలు పక్కన పెట్టండి. ఒక తల్లి బడి గేటు లోపలికి రాలేకపోతున్నానంటోంది. ఆవిడ కొడుకు మంగళవారం ఎక్కడ కూర్చుంటాడో ఆలోచించండి.

లెక్కల మాస్టారు
గంటలు పక్కన పెడితే నష్టపోయేది కూడా ఆ పిల్లాడే టీచరుగారూ. మేడల్లో ఉన్న పిల్లలకు ట్యూషన్ ఉంటుంది. క్యాలెండర్ వెనక రాసుకునేవాడికి బడి గంట తప్ప ఇంకేముంది? నేను మొదటి నుంచీ పట్టుబడుతున్నది వాడి కోసమే.

సింగ్‌నగర్ నాన్న (సెప్టెంబర్ 29)
ఈ రోజు హెడ్ మేడమ్ ఇంటికి వెళ్లి మాట్లాడాను. వంద రూపాయల వసూలు ఆపించారు, తీసుకున్నది వెనక్కి ఇస్తారట. మైకు, స్వీటు ఉండవు. ఎప్పుడూ పెట్టే బడి భోజనమే, గుడ్డుతో. పాటలు ఒక గంట, ఆ గంట 14 తర్వాత వచ్చే మొదటి పూర్తి శనివారం కలుపుతామని నోటీసు బోర్డులో రాస్తారు. సంచుల జాబితా మాత్రం కమిటీ రాసి ఇవ్వాలి అన్నారు. తను ఒక్కతే రాయలేనన్నారు.

కమిటీ సభ్యుడు
గుర్తున్నంత వరకు రాస్తాను. అందరి పేర్లూ గుర్తులేవు. తప్పులుంటే మళ్లీ నన్నే అనకండి.

కింద పోర్షన్
గుర్తున్నవాళ్లవి రాయండి. మా సందులో ఎవరికి రాలేదో నేను రాసి తెస్తాను. సోమవారం పొద్దున రెండూ పక్కపక్కన బోర్డుకు పెడితే మంగళవారం వస్తాను. పెట్టకపోతే మా వాణ్ణి కూడా పంపను.

లెక్కల మాస్టారు
పిల్లాణ్ణి మాత్రం పంపండమ్మా.

కింద పోర్షన్
బోర్డు చూశాక చెప్తాను మాస్టారూ.