డిప్రెషన్‌కి కొత్త మందులు రాకపోవడానికి కంపెనీల లాభాపేక్షే కారణమా?

నిద్రగన్నేరు: 1950లలో ఇప్రోనియజిడ్ అనే క్షయ మందు వాడిన రోగులు హుషారుగా తిరుగుతుంటే చూసి, దాన్ని డిప్రెషన్‌కి వాడారు. 1987లో ప్రోజాక్ అనే డిప్రెషన్ మందుకి అమెరికా అనుమతి వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావరకు సెరటోనిన్ అనే మెదడు రసాయనం చుట్టూ తిరిగేవే. కంపెనీలు కష్టపడవు.

ప్రయోగశాల: అన్యాయమండీ. సబ్‌స్టెన్స్-పి అనే రసాయనాన్ని అడ్డుకునే అప్రెపిటెంట్ మీద 1998లో ఎంతో ఆశపడ్డారు. పెద్ద ట్రయల్స్‌లో ప్లసీబోని, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రని, దాటలేకపోయింది. ఇప్పుడది కీమోథెరపీ వాంతులకు వాడే మందు. డిప్రెషన్ ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనే నూటికి 30-40 మంది తేరుకుంటారు. ఇక ఎలుక నీళ్లలో ఎంతసేపు ఈదిందో చూసి మనిషి దిగులుకి మందు ఎంచడం ఇంకో తలనొప్పి.

పక్కబెంచీ: ఇద్దరూ మొదలెట్టారు. ఇక తెల్లారినట్టే.

నిద్రగన్నేరు: కొలత సరిగ్గా ఉందా? డిప్రెషన్ ఎంతుందో పాయింట్లలో కొలిచే హామిల్టన్ స్కేలు 1960 నాటిది. 17 అంశాల్లో మూడు నిద్ర గురించే. మత్తు మందైనా మార్కులు కొట్టేస్తుంది.

ప్రయోగశాల: ఆ మూడూ కలిపి 52లో 6 పాయింట్లు. దాన్నే పట్టుకుని వేలాడకండి.

నిద్రగన్నేరు: ఆరు తక్కువా? మందుకీ ప్లసీబోకీ సగటు తేడాయే రెండు పాయింట్ల దగ్గర ఉంటుంది!

చల్లగాలి: మత్తుకిచ్చే కెటమైన్ డిప్రెషన్‌కి గంటల్లోనే పనిచేస్తుందట కదా?

ప్రయోగశాల: దాని రకమే అయిన ఎస్‌కెటమైన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ కొట్టుకున్న కాసేపటికే తల తిరిగి, ఒళ్లు తనది కానట్టు ఉంటుంది. తనకిచ్చింది అసలు మందేనని రోగికి తెలిసిపోతే ఇక పోలికేముంది?

నిద్రగన్నేరు: ఎంతసేపూ పోలికేనా! మా తమ్ముణ్ణి ఒక ట్రయల్‌కి తీసుకెళ్తే, చావు ఆలోచనలున్నాయని ఫారంలో చూసి వెనక్కి పంపేశారు. అంత జబ్బు చేసినవాడికి కాకపోతే మందు ఎవరికి?

ప్రయోగశాల: చేర్చుకుంటే ఆయనకి ప్లసీబో పడొచ్చు. అలాంటి మనిషిని వారాల తరబడి ఉత్తుత్తి మాత్ర మీద ఉంచమంటారా?

నిద్రగన్నేరు: ప్లసీబో ఎందుకు? పాత మందుతో పోల్చండి.

ప్రయోగశాల: రెండూ సమానమొస్తే? రెండూ పనిచేసినట్టా, రెండూ చేయనట్టా?

నిద్రగన్నేరు: రుజువు, రుజువు! అది తేలేదాకా వాణ్ణి ఏం చేయమంటారు?

ప్రయోగశాల: రుజువు లేకుండా వదిలితే, పనిచేయని మందుని ఏళ్ల తరబడి ఆయనలాంటి వాళ్లకే రాస్తారు. ఇందులో నేను తగ్గను.

చల్లగాలి: తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడండీ?

నిద్రగన్నేరు: పాత మందే, డోసు పెంచారు. చూడాలి. ఆ 6 పాయింట్లు తక్కువంటే మాత్రం ఒప్పుకోను.