‘ఓవర్‌వెయిట్’ అన్నచోటల్లా ‘ఊబకాయం’ రాయొచ్చా?

ప్రశ్న: ఆరోగ్య వ్యాసాల అనువాదాల్లో ‘ఓవర్‌వెయిట్’, ‘ఒబేస్’ రెండింటికీ ‘ఊబకాయం’ అనే రాస్తున్నారు. రెండూ ఒకటేనా? షేర్ల వార్తల్లో ‘బ్యాంకులపై ఓవర్‌వెయిట్’ అంటారే, అదేమిటి?

జవాబు: ఒకటి కాదండీ. వైద్యంలో వాటి మధ్య గీత ఉంది. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లలో అది 25కి చేరితే ఓవర్‌వెయిట్, 30కి చేరితే ఒబేస్. 170 సెంటీమీటర్ల మనిషిని తీసుకోండి: 1.7ని 1.7తో గుణిస్తే 2.89. కాబట్టి 72 కిలోలు దాటగానే ఓవర్‌వెయిట్ మొదలవుతుంది, ఒబేస్ అనాలంటే దాదాపు 87 కిలోలుండాలి. ఈ పద్నాలుగు పదిహేను కిలోల తేడాను ‘ఊబకాయం’ అన్న ఒక్కమాట మింగేస్తోంది. మొదటిదానికి ‘అధిక బరువు’, రెండోదానికి ‘ఊబకాయం’ లేదా ‘స్థూలకాయం’ రాస్తే సరి. దక్షిణాసియా వాళ్లకు వైద్యులు 23 నుంచే అధిక బరువంటారు కనుక, మూలంలో ఏ కొలత వాడారో చూసి మరీ రాయాలి. పిల్లలకు ఈ అంకెలు వర్తించవు. వాళ్ల వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి వేరే పట్టికలున్నాయి.

మరో జవాబు: వాడుక గురించి ఒక మాట. ‘ఒబేస్’ విశేషణం, ‘ఒబేసిటీ’ నామవాచకం. ‘అతనికి ఒబేస్ ఉంది’ అనడం తప్పు. ‘ఓవర్‌వెయిట్’ మాత్రం ఎక్కువగా విశేషణమే అయినా నామవాచకంగానూ వస్తుంది. ఎంత ఎక్కువో చెప్పాలంటే కొలత ముందు పెట్టాలి: ‘ఐదు కిలోలు ఓవర్‌వెయిట్’. తెలుగులో ఈ వరస అలాగే నప్పుతుంది. మనుషుల గురించి రాసేటప్పుడు ‘ఊబకాయులు’ కన్నా ‘ఊబకాయం ఉన్నవారు’ మేలు. జబ్బుపేరే మనిషి పేరైపోకూడదు.

ఇక షేర్ల సంగతి. అక్కడ శరీరంతో పనే లేదు. ఓ ఫండ్ తన పనితీరును పోల్చుకునే సూచీలో బ్యాంకుల వాటా 20 శాతం ఉండి, ఆ ఫండ్ తన డబ్బులో 25 శాతం బ్యాంకుల్లో పెడితే ఆ ఫండ్ బ్యాంకులపై 5 శాతం పాయింట్లు ఓవర్‌వెయిట్. విశ్లేషకులు ఓ షేరుకి ఈ రేటింగు ఇచ్చారంటే, పోల్చి చూసే షేర్లకన్నా ఇది మెరుగ్గా రాణిస్తుందని వాళ్ల అంచనా. ‘అధిక బరువు’ అని రాస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు, ‘సూచీకన్నా ఎక్కువ వాటా’ అనండి. దీనికి ఎదురుమాట ‘అండర్‌వెయిట్’.

ప్రశ్న అడిగినవారు: చాలా ఉపయోగమండీ. విమానంలో సామానుకు?

జవాబు: అక్కడా కొంచెం జాగ్రత్త. ఒక్కో పెట్టెకు పరిమితి 23 కిలోలైతే 26 కిలోల పెట్టె మూడు కిలోలు ఓవర్‌వెయిట్. ఒక పెట్టెకే అనుమతి ఉండి, తేలికైన రెండోది తెస్తే అది ‘ఎక్సెస్ బ్యాగేజ్’ అవుతుంది గానీ ఓవర్‌వెయిట్ కాదు. మొదటిదానికి ‘పరిమితికి మించిన బరువు’, రెండోదానికి ‘అదనపు సామాను’ అని రాయొచ్చు.