సన్మానించుమా, సన్మానింపుమా?

ఫ్లెక్సీ బాధ్యురాలు: ఈ ఆదివారం ఫాదర్స్ డే. మా సంఘంలో పెద్దవాళ్లకి చిన్న కార్యక్రమం పెట్టాం. ఫ్లెక్సీ మీద వేయాల్సిన బైబిల్ వాక్యం నా నోట్లో "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అనే ఆడుతోంది. ప్రూఫ్ చూసిన మా అత్తగారు "సన్మానింపుము" అంటున్నారు. ఏది కరెక్టు? ఇంకో సంగతి. నన్ను పెంచింది మేనమామ. "తండ్రిని" అన్నచోట ఆయన వస్తాడా, రాడా? ప్రెస్ అబ్బాయి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

వ్యాకరణం మాస్టారు: రెండూ చెల్లుతాయి. నిర్గమకాండం 20:12లో ఇంచు, ఎఫెసీ 6:2లో ఇంపు. ఇక్కడ చకారం పకారం కావడం బాలవ్యాకరణం తిరగేసినవాళ్లకి కొత్తేం కాదు. చెవికి ఇంపు ఇంపే.

పాతపుస్తకాల పురుగు: మాస్టారూ, అసలు గొడవ అది కాదు. మత్తయి 15:4లో యేసు అదే ఆజ్ఞ ఎత్తి చెబితే "తలిదండ్రులను ఘనపరచుము" అయింది. 19:19కి వచ్చేసరికి మళ్లీ "సన్మానింపుము". ఒకే సువార్తలో ఒకే ఆజ్ఞకి రెండు మాటలెందుకు? నా మటుకు ఘనపరచుమే దగ్గర. ఈ ఆజ్ఞలోని హీబ్రూ మాట కబ్బేద్‌లో ఉన్నది బరువు. ఘనమన్నా బరువేగా.

వ్యాకరణం మాస్టారు: ఘనమంటే గట్టిది, దట్టమైనది, మేఘం కూడా. మీకు పనికొచ్చేది ఏరుకుంటున్నారు.

గుంటూరు లూథరన్: సన్మానం అనగానే ఇప్పుడు శాలువా, మెమెంటో, మైకు. ఇంట్లో నాన్న బీపీ మాత్రల అట్ట ఖాళీ అయినా చూడనివాడు స్టేజీ మీద శాలువా కప్పుతాడు. 1 తిమోతి 5:3 చూడండి, "నిజముగా అనాథలైన విధవరాండ్రను సన్మానింపుము". అక్కడ సన్మానమంటే తిండీ గుడ్డా. కొర్బాను మీద యేసు కోపం కూడా అందుకే. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవుడికి మొక్కేశామని ఎగ్గొట్టడం! పది ఆజ్ఞల్లో మా లెక్కలో ఇది నాలుగోది.

నెల్లూరు బాప్టిస్టు: మా లెక్కలో ఐదోది.

ఫిరంగిపురం పెద్దాయన: నాలుగే. ఈ లెక్క వరకు లూథర్ మా కథోలికుల్ని వదల్లేదు.

పాతపుస్తకాల పురుగు: శాలువాని అంత తేలిగ్గా తీసేయకండి. పద్యం విని మెచ్చుకుని, ఆ తర్వాత కులం అడిగే రోజుల్లో కవి జాషువా కాలికి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి వారు స్వయంగా గండపెండేరం, అదే కవులకిచ్చే కాలి కడియం, తొడిగారు. అది సన్మానం కాదా?

నెల్లూరు బాప్టిస్టు: ఆయన గబ్బిలం కావ్యానికి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చినప్పుడేగా?

పాతపుస్తకాల పురుగు: అకాడెమీ వచ్చింది 1964లో, అదీ క్రీస్తు చరిత్రకి. చెళ్లపిళ్ల వారు 1950లోనే పోయారు. లెక్క వేసుకోండి.

ఫ్లెక్సీ బాధ్యురాలు: మా మామయ్య సంగతి ఎవరూ చెప్పలేదండీ.

ఫిరంగిపురం పెద్దాయన: జోజప్పగారు, అదే యోసేపు, లేరా అమ్మా? కనలేదు, పెంచాడు. లూకా 2:48లో మరియమ్మే బాలయేసుతో "నీ తండ్రియు నేనును దుఃఖపడుచు నిన్ను వెదకుచుంటిమి" అంటుంది. అసలు ఆ పేరులోనే అప్ప ఉంది.

వ్యాకరణం మాస్టారు: ఆ అప్ప ఉత్త గౌరవానికి. లేకపోతే పేతురుని రాయప్ప, పౌలుని చిన్నప్ప అంటారే, వాళ్ల సంగతేమిటి? వాళ్లు ఎవరిని పెంచారు?

ఫిరంగిపురం పెద్దాయన: కొరింథువాళ్లని "నేను మిమ్మును కంటిని" అన్నది పౌలే కదా మాస్టారూ.

నెల్లూరు బాప్టిస్టు: మత్తయి 23:9 మరిచిపోతున్నారు. భూమి మీద ఎవరికీ తండ్రి అని పేరు పెట్టొద్దన్నాడు. అందుకే మేం పాస్టర్‌ని ఫాదర్ అనం, అయ్యగారు అంటాం.

గుంటూరు లూథరన్: అయ్య అంటే ఏమిటనుకుంటున్నారు! మా ఊరికి 1842లో వచ్చిన మిషనరీ హయ్యర్‌ని మేమైతే ఇవాళ్టికీ ఫాదర్ హయ్యర్ అనే అంటాం.

వ్యాకరణం మాస్టారు: అయ్య ఆర్య నుంచి వచ్చింది. తండ్రి అర్థం తర్వాత చేరింది.

పాతపుస్తకాల పురుగు: మీకు అన్నీ సంస్కృతం నుంచే రావాలి. అయ్య అచ్చంగా మనదే.

ఫ్లెక్సీ బాధ్యురాలు: "సన్మానింపుము" అనే ప్రెస్‌కి పంపేశాను. మామయ్య ముందు వరుసలోనే కూర్చుంటాడు. శాలువా మానేసి పంచెల చాపు కొన్నాను.

వ్యాకరణం మాస్టారు: పంపేశారా? తల్లికి ముందు రెండో "నీ" ఉంచారా, తీసేశారా? ఇంపు పెడితే ఎఫెసీ పాఠం అవుతుంది, అందులో రెండో "నీ" లేదు.