జంతు ఫిజియోథెరపీ సహాయకురాలిగా స్థిరపడడానికి ఏ దారి సరైనది?

నమస్కారం. నేను పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి, నాలుగేళ్లుగా విజయవాడలోని ఒక పెంపుడు జంతువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. గత ఏడాది వెన్నులో డిస్కు జారి వెనుక కాళ్లు పడిపోయిన ఒక డాషండ్ కుక్కకు, శస్త్రచికిత్స తరువాత డాక్టరుగారు చూపిన విధంగా కీళ్లను మెల్లగా వంచి చాపడం, పొట్ట కింద తువ్వాలు వేసి నిలబెట్టడం, వేళకు మూత్రం పోయేలా చూడడం నేనే చేశాను. ఏడో వారంలో అది తనంతట తాను నాలుగడుగులు వేసిన రోజున, ఇదే నా వృత్తి కావాలని నిశ్చయించుకున్నాను.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, డిప్లొమా ఉన్నవారు నమోదిత పశువైద్యుల పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు మాత్రమే చేయవచ్చునని నాకు తెలుసు. ఆ హద్దు దాటే ఉద్దేశం లేదు. అయితే అడిగిన చోటల్లా "పని చేస్తూ నేర్చుకో" అంటున్నారు. వెన్నుపాము దెబ్బతిన్న ప్రాణిని తప్పుగా పట్టుకుంటే కలిగే నష్టం చూసినదాన్ని కనుక, ఆ మాటతో తృప్తి పడలేకపోతున్నాను.

అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్లకు కుక్కల పునరావాస చికిత్సలో ప్రత్యేక ధ్రువపత్రాలు ఇస్తారు. అటువంటిది చేసినవారికి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులలో నిజంగా విలువ ఉందా? లేక నీటి ట్రెడ్‌మిల్ (జంతువును నీళ్లలో నిలిపి నడిపించే యంత్రం) ఉన్న కేంద్రంలో తక్కువ జీతానికైనా ముందు చేరడం మేలా? ఈ పనిలో ఉన్నవారు తమ అనుభవం చెబితే ఎంతో కృతజ్ఞురాలిని.