స్వాల్‌బార్డ్ వెళ్లాలంటే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుందా?

మార్చిలో ఓస్లో మీదుగా స్వాల్‌బార్డ్‌లోని ముఖ్య పట్టణం లాంగియర్‌బ్యెన్ వెళ్దామనుకుంటున్నాం, నేనూ మా ఆవిడా. స్వాల్‌బార్డ్ నార్వేదే, గవర్నర్‌ని నియమించేదీ ఆ ప్రభుత్వమే. అయినా ఆ దీవులు షెంజెన్‌లోకి (నార్వేతో సహా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతం) రావు, అక్కడ ఉండటానికి ఎవరికీ వీసా అక్కర్లేదు. చిక్కల్లా దారిలోనే. ఓస్లోలో పాస్‌పోర్ట్ చెక్ దాటామంటే షెంజెన్ నుంచి బయటపడ్డట్టే, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా ఎంట్రీ. అందుకే డబుల్ ఎంట్రీ వీసా కావాలి. మా ఏజెంటేమో "డొమెస్టిక్ ఫ్లైటే కదండీ, సింగిల్ చాలు" అంటున్నాడు! ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

హైదరాబాద్ నుంచి అప్లై చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: కవరింగ్ లెటర్‌లో స్వాల్‌బార్డ్ సంగతి విడిగా రాశారా? లాంగియర్‌బ్యెన్ హోటల్ బుకింగ్ కూడా జతచేశారా? ఇంకోటి, స్వాల్‌బార్డ్‌లోనే ఉన్న బారెంట్స్‌బర్గ్ రష్యన్ల గనుల ఊరు కదా, స్నోమొబైల్ మీద అక్కడికెళ్తే పాస్‌పోర్ట్ అడుగుతారా?