కౌంటర్‌వెయిట్ లేని మౌంటే కొనాలా? మేడ మీదకీ, చీకటి ఊళ్లకీ ఒకటే కావాలి

కూకట్‌పల్లి_మేడ:
అందరికీ నమస్కారం అండీ. నా దగ్గర 250 ఎం.ఎం. ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న రిఫ్రాక్టరూ (లెన్సుల టెలిస్కోప్), 3.76 మైక్రాన్ల పిక్సెల్స్ ఉన్న కూల్డ్ కలర్ కెమెరా ఉన్నాయి. గైడ్ స్కోప్‌తో (ఒక నక్షత్రాన్ని చూస్తూ ట్రాకింగ్ తప్పుల్ని దిద్దే చిన్న టెలిస్కోప్) కలిపినా 4 కేజీలు దాటదు. ఇప్పుడు మౌంట్ (టెలిస్కోప్‌ని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే యంత్రం) కొనాలి, అదీ ఒక్కటే. మామూలు రోజుల్లో అపార్ట్‌మెంట్ మేడ మీద వాడతాను (లిఫ్ట్ మేడ దాకా రాదు, చివరి అంతస్తు మెట్లెక్కి మోయాలి), అమావాస్య దగ్గర పడితే కారులో ఊరవతలకి తీసుకెళ్తాను, ఎప్పటికైనా లదాఖ్‌లోని హాన్లే కూడా తీసుకెళ్లాలని ఉంది. కౌంటర్‌వెయిట్ (టెలిస్కోప్‌కి ఎదురు తూకంగా రాడ్ మీద పెట్టే బరువు) వాడే స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ జీటీఐ ఒకటి చూశాను, అది లేకుండానే నడిచే హార్మోనిక్ గేర్ మౌంట్లు జెడ్‌డబ్ల్యూఓ ఏఎం3 గానీ ఏఎం5 గానీ ఇంకొకటి. రెండో రకం జీటీఐకి మూడింతల దాకా పడుతోంది. కౌంటర్‌వెయిట్ల కాలం అయిపోయింది, హార్మోనిక్ తప్ప ఇంకేదీ కొనొద్దని తెలిసినవాళ్లంతా అంటున్నారు. అంత తేడా డబ్బు పెట్టడానికి కారణం ఉందా? ఇంకో సంగతి, మా మేడ మీద ఉత్తరం వైపు నీళ్ల ట్యాంకు అడ్డం, మౌంట్‌ని సరిగ్గా ఉత్తరానికి గురిపెట్టడానికి కావాల్సిన ధ్రువ నక్షత్రం కనపడదు. తర్వాత్తర్వాత 480 ఎం.ఎం. స్కోప్‌కి మారాలనే ఆలోచన కూడా ఉంది.

డాలస్_పెరడు:
హార్మోనిక్కే తీసుకో తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు. నా దగ్గర ఈక్యూ6-ఆర్ అనే పెద్ద కౌంటర్‌వెయిట్ మౌంట్ ఉంది. తల ఒక్కటే 17.3 కేజీలు, 5 కేజీల బరువులు రెండు, స్టాండు వేరే, అన్నీ కలిపితే 35 కేజీల దాకా లెక్క. పెరట్లో కవర్ కప్పి వదిలేస్తాను కాబట్టి ఇంట్లో ఇబ్బంది లేదు. కానీ చీకటి ఆకాశం కోసం బిగ్ బెండ్ పార్క్ వైపు వెళ్దామనుకున్న ప్రతిసారీ దాన్ని విప్పి, కారెక్కించి, చీకట్లో దించి, తెల్లారగట్ల మళ్లీ ఎక్కించాలి. ఆ ఓపిక లేక ఎన్ని అమావాస్యలు ఇంట్లోనే గడిచిపోయాయో. అదే ఏఎం5 అయితే 5 కేజీలు, కౌంటర్‌వెయిట్ లేకుండా 13 కేజీలు మోస్తుంది. ఏఎం3 అయితే 3.9 కేజీలు, 8 కేజీలు మోస్తుంది. నీది 4 కేజీల సెటప్. బ్యాగులో వేసుకుని మెట్లెక్కేయొచ్చు, బ్యాలెన్స్ చేసే పని లేదు, పది నిమిషాల్లో ఫొటో మొదలు. నువ్వు బయటికి తీసే మౌంటే మంచి మౌంట్.

నల్లమల_రాత్రులు:
డాలస్ అన్న పెరటికి ఆ లెక్క సరే, ఈక్యూ6తో పోల్చినా సరే. కానీ మేడ గారు అడిగింది ఈక్యూ6 గురించి కాదు కదా. జీటీఐ తల 2.6 కేజీలు, దాని కౌంటర్‌వెయిట్ రెండు కేజీల పైచిలుకు. రెండూ కలిపి ఏఎం5 తల బరువు! కాబట్టి మోత అనే కారణం ఇక్కడ చెల్లదు. ఇక మిగిలేవి రెండే, ఎంత బాగా ట్రాక్ చేస్తుంది, ఎంత బరువు మోస్తుంది.

ముందు మోసే సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది మన అక్షాంశానికి సంబంధించిన విషయం, యూట్యూబ్ రివ్యూల్లో దీని ఊసే కనపడదు నాకు. కౌంటర్‌వెయిట్ లేకపోతే టెలిస్కోప్ బరువు పోలార్ యాక్సిస్‌ని (మౌంట్‌లో ధ్రువం వైపు గురిపెట్టి ఉండే ఇరుసు) ఒక పక్కకి లాగుతుంది. ఆ లాగుడు అక్షాంశం కొసైన్‌ని బట్టి ఉంటుంది. యాక్సిస్ నిటారుగా ఉంటే (ఉత్తర ధ్రువం దగ్గర) గురుత్వాకర్షణ దాన్ని తిప్పలేదు, పడుకుని ఉంటే (భూమధ్యరేఖ దగ్గర) పూర్తి బలంతో తిప్పుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీలు, కొసైన్ 0.95. జర్మనీలో 50 డిగ్రీల దగ్గర 0.64. అంటే అదే స్కోప్, అదే మౌంట్, కానీ మన మేడ మీద గేర్ల మీద భారం ఒకటిన్నర రెట్లు. అందుకే యూరప్ వాళ్ల రివ్యూ చూసి 13 కేజీలు ఏ బెరుకూ లేకుండా ఎక్కించెయ్యొచ్చని అనుకోవద్దు. హార్మోనిక్ కొన్నా సరే, రేపు పెద్ద స్కోప్ పెడితే చిన్న కౌంటర్‌వెయిట్ రాడ్ కూడా కొనుక్కోండి, ఏఎం5కి దాంతో 20 కేజీల దాకా చెప్తారు.

డాలస్_పెరడు:
లెక్క కరెక్టే, కాదనను. కానీ 4 కేజీలని ఒకటిన్నరతో గుణించినా 6 కేజీలే, ఏఎం3 పరిమితి కూడా దాటదు. లేని సమస్యని తెచ్చి భయపెడుతున్నావు. పైగా తక్కువ అక్షాంశం ఇబ్బంది కౌంటర్‌వెయిట్ మౌంట్లకే ఎక్కువ. యాక్సిస్ బాగా వంగి ఉంటే బరువు రాడ్ ఉత్తరం వైపు కాలికి తగులుతుంది. అది చెప్పవేం?

నల్లమల_రాత్రులు:
చెప్పాల్సిందే, నిజమే అది. 17 డిగ్రీల దగ్గర రాడ్ దాదాపు నిలువుగా కిందికి వేలాడుతుంది, కొంచెం ఉత్తరానికి వాలుతుంది, సరిగ్గా అక్కడే స్టాండు కాలు ఉంటుంది. తలకీ స్టాండుకీ మధ్య పియర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే కాలికి అందదు, రాడ్ మీద బరువుని పైకి జరిపినా కొంత నయం. మొదటిసారి కొన్నవాళ్లు మోటార్‌తో తిప్పే ముందు క్లచ్‌లు వదులు చేసి చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకోవాలి, ఎక్కడైనా తగులుతోందేమో అని.

ఇక అసలు సంగతి, ట్రాకింగ్. నా పట్టుదల ఇక్కడే. హార్మోనిక్ గేర్ కొత్తదేం కాదు, 1950ల నాటి ఆవిష్కరణ. 1971లో చంద్రుడి మీద తిరిగిన అపోలో రోవర్ చక్రాల్లో కూడా ఇదే. పలచని ఉక్కు గిన్నె లాంటి గేరు వంగుతూ బయటి పళ్ల వలయంలో తిరుగుతుంది. పళ్ల మధ్య సందు ఉండదు కాబట్టి బ్యాక్‌లాష్ (గేర్ల వదులు) దాదాపు లేదు, చిన్న గేర్‌తోనే చాలా బలం వస్తుంది. కానీ వంగే గేర్ కాబట్టి పీరియాడిక్ ఎర్రర్ (గేర్ ప్రతి చుట్టులో మళ్లీ మళ్లీ వచ్చే ట్రాకింగ్ తప్పు) పెద్దది. ఏఎం5కి 288 సెకన్ల చుట్టులో అటూ ఇటూ 20 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) వరకు అని కంపెనీయే చెప్తుంది. లెక్కేస్తే, ఆ అల నిటారుగా ఉన్నచోట సెకనుకి 0.4 ఆర్క్ సెకన్లు కదులుతుంది. గైడ్ కెమెరాకి 2 సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి కూర్చుంటే, దిద్దే లోపే 0.9 ఆర్క్ సెకన్ పోయింది. అందుకే హార్మోనిక్ వాళ్లు అర సెకను, సెకను ఎక్స్‌పోజర్లతో గైడ్ చేస్తారు. అంత తక్కువ సమయంలో గైడ్ నక్షత్రాలు స్పష్టంగా కనపడాలి, పలచని మబ్బు వచ్చినా, మంచు పట్టినా గైడింగ్ తెగిపోతుంది, ఆ క్షణం నుంచి ఫొటో పాడు. గైడింగ్ లేకుండా ఇలాంటి హార్మోనిక్ మౌంట్‌తో పొడవైన ఎక్స్‌పోజర్లు కుదరవు, 135 ఎం.ఎం. లెన్స్‌తో కూడా.

వైజాగ్_తీరం:
నల్లమల గారూ, ఈ రోజుల్లో గైడింగ్ లేకుండా ఎవరు చేస్తున్నారండీ? గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2 ఉచితం, గైడ్ కెమెరా అందరి దగ్గరా ఉంది, మేడ గారు గైడ్ స్కోప్ ఉందని మొదటి లైన్లలోనే చెప్పారు. కొత్త పీహెచ్‌డీ2 ఒకేసారి చాలా నక్షత్రాలని చూసి గైడ్ చేస్తుంది, సెకను ఎక్స్‌పోజర్ అయినా గాలి అలజడికి పిచ్చిగా పరిగెత్తదు. నా హార్మోనిక్ (ఏఎం5 కాదు, వేరే కంపెనీ) మంచి రాత్రి 0.6, 0.7 ఆర్క్ సెకన్ల తప్పుతో నడుస్తుంది. జీటీఐ వాడే మిత్రులు ఒకటి నుంచి ఒకటిన్నర అంటారు.

నా బెంగ వేరే, గాలి. సముద్రం పక్కన మేడ మీద తేలికైన కార్బన్ స్టాండు మీద బరువంతా ఒక పక్కకి వేలాడుతుంటే, మెరిడియన్ ఫ్లిప్ (లక్ష్యం నడి ఆకాశం దాటాక టెలిస్కోప్ రెండో పక్కకి తిరగడం) అయినప్పుడు ఆ బరువు ఇంకో పక్కకి వెళ్తుంటే చూడాలి, గుండె ఆగినంత పనవుతుంది. స్టాండు మధ్యలో బరువైన సంచి కట్టకుండా వదలొద్దు. కాళ్లు వీలైనంత వెడల్పుగా, తక్కువ ఎత్తులో పెట్టండి. కొనేముందు కరెంటు పోతే బ్రేక్ పడుతుందో లేదో అడగండి, అన్ని హార్మోనిక్ మౌంట్లకీ ఉండదు. మేడ మీద అడాప్టర్‌తో నడిపేవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

కూకట్‌పల్లి_మేడ:
వైజాగ్ గారూ, ధన్యవాదాలు, బ్రేక్ సంగతి నాకు తట్టలేదు. ఈ ఒకటి, ఒకటిన్నర ఆర్క్ సెకన్లు నా సెటప్‌లో కనపడతాయా?

నల్లమల_రాత్రులు:
అదే అడగాలి! పిక్సెల్ సైజుని 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. మీ 250 ఎం.ఎం. దగ్గర ఒక పిక్సెల్ 3.1 ఆర్క్ సెకన్లు. గైడింగ్ ఒకటిన్నర ఉన్నా అర పిక్సెలే, నక్షత్రాలు గుండ్రంగానే ఉంటాయి. 0.6 వచ్చే మౌంట్ పెట్టినా అదే ఫొటో, తేడా చూపించమంటే నేను చూపించలేను. ఆ తేడా డబ్బుతో మంచి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (నెబ్యులాల వెలుగుని వదిలి సిటీ వెలుగుని చాలావరకు ఆపేది) కొనండి. కూకట్‌పల్లి ఆకాశం నుంచి నెబ్యులాలు తియ్యాలంటే మౌంట్ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. నగరం వెలుగు ఇప్పటిది కాదు, ఉస్మానియా వాళ్లు 1.2 మీటర్ల టెలిస్కోప్‌ని 1968లోనే నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు, ఇప్పుడు ఆ ఊరి ఆకాశం దాకా కూడా సిటీ లైట్లు వచ్చేశాయి.

480 ఎం.ఎం.కి వెళ్తే పిక్సెల్ 1.6 ఆర్క్ సెకన్లు. అప్పుడు జీటీఐ అంచు మీద ఉంటుంది, కొన్ని రాత్రులు బాగుంటుంది, కొన్ని రాత్రులు సగం ఫొటోలు తీసెయ్యాలి. పైగా దాని పరిమితి 5 కేజీలు, 80 ఎం.ఎం. స్కోప్, కెమెరా, గైడర్ కలిస్తే అక్కడికే వస్తాయి. ఇక్కడ మాత్రం హార్మోనిక్ గెలుస్తుంది, ఒప్పుకుంటాను.

డాలస్_పెరడు:
అదే కదా నేను అనేది. ఇప్పుడు జీటీఐ, తర్వాత హార్మోనిక్ అంటే రెండుసార్లు కొనడమే. వాడిన మౌంట్ అక్కడ అమ్ముకోవడం కూడా తేలిక కాదు. ఇంకోటి, డార్క్ స్కై గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సిటీలో ఫిల్టర్ లేకుండా తీస్తే ఆకాశం వెలుగే సెన్సర్‌ని నింపేస్తుంది, 30 నుంచి 60 సెకన్ల ఎక్స్‌పోజర్ చాలు, మౌంట్ కొంచెం బలహీనమైనా నడిచిపోతుంది. నిజమైన చీకటికి వెళ్తే మూడు నుంచి ఐదు నిమిషాలు తియ్యాలనిపిస్తుంది, మౌంట్‌కి పరీక్ష అక్కడే. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే సిటీలో కూడా అంతే. అంత దూరం వెళ్లి సగం ఫొటోలు పారేసుకుంటే ఎంత బాధ! మీకు అక్కడ ఆకాశం మాకంటే బాగుంటుంది కూడా. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం హైదరాబాద్‌లో 25 డిగ్రీల ఎత్తు వస్తుంది, నాకిక్కడ పది కూడా రాదు. ధనూరాశి వైపు నెబ్యులాలన్నీ మీకు మాకంటే బాగా ఎత్తుకి వస్తాయి. ఆ ఆకాశానికి తగ్గ మౌంట్ ఉండాలి.

కూకట్‌పల్లి_మేడ:
మరి ధ్రువ నక్షత్రం సంగతి? ఇది ఏ మౌంట్‌కైనా సమస్యే కదా.

వైజాగ్_తీరం:
మౌంట్‌తో సంబంధం లేదండీ. మనకి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే, ట్యాంకు లేకపోయినా పొగమంచులో పోతుంది. నీనా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ అనే ప్లగిన్ ఉంది. ఆకాశంలో కనపడే ఏ ముక్కలోనైనా మూడు ఫొటోలు తీసి, నక్షత్రాలని గుర్తుపట్టి, యాక్సిస్ ఎంత తప్పిందో చెప్తుంది, స్క్రూలు తిప్పుతుంటే అంకె తగ్గుతుంటుంది. ఏఎస్ఐఎయిర్ అనే కంట్రోలర్ పెట్టెలో కూడా ఇప్పుడు ఇలాంటిది ఉంది. ఒక్క మాట, గో-టూ (తనంతట తానే లక్ష్యం వైపు తిరిగే సదుపాయం) లేని పాత స్టార్ అడ్వెంచరర్ 2ఐ లాంటి ట్రాకర్ చౌకగా దొరికింది కదా అని కొనకండి. దాంట్లో ఒక్క ఆర్‌ఏ (తూర్పు-పడమర) యాక్సిస్‌కే మోటార్, డెక్లినేషన్‌లో (ఉత్తర-దక్షిణం) గైడ్ చెయ్యదు, మీ నీళ్ల ట్యాంకుతో చాలా అవస్థ పడతారు.

నల్లమల_రాత్రులు:
ఊరవతల అంటే ఎక్కడికి వెళ్తారో కూడా చూసుకోండి. శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు పోనివ్వరు, కాబట్టి ముందే అడవి ఇవతల చేను ఉన్నవాళ్లనో గెస్ట్‌హౌస్‌నో చూసుకుని పొద్దుండగానే చేరాలి. ఇంకా దూరం వెళ్లగలిగితే నాగపూర్ దాటి పెంచ్ ఉంది, 2024లో మన దేశంలో మొదటి డార్క్ స్కై పార్క్‌గా గుర్తింపు వచ్చింది. నాగపూర్ రోడ్డు మీదే కాబట్టి కారులో నేరుగా పోవచ్చు, బరువుల గొడవ ఉండదు.

హాన్లే సంగతి మాత్రం వేరు. లేహ్ దాకా విమానం అంటే చేతిసంచి 7 కేజీలు, లోపల వేసేది 15 కేజీలు, దేశీయ విమానాల్లో మామూలుగా ఇంతే. స్కోప్, కెమెరా చేతిసంచిలోనే నిండిపోతాయి, మౌంట్ పెట్టెలోకి, దాంతోపాటు చలి బట్టలు. కౌంటర్‌వెయిట్‌ని అక్కడిదాకా మోసుకెళ్లడం నాకూ ఇష్టం లేదు, ఒక బోల్టూ రెండు నీళ్ల సీసాలతో సరిపెట్టినవాళ్లని చూశాను గానీ అది నేను సిఫారసు చెయ్యను. అసలు చిక్కు బ్యాటరీ. 100 వాట్-అవర్ల లోపువి చేతిసంచిలో తీసుకెళ్లొచ్చు, 160 దాకా విమానం వాళ్ల అనుమతి కావాలి, అది దాటితే అసలు ఎక్కించరు. క్యాంపింగ్ పవర్ స్టేషన్లు చాలావరకు దాటేస్తాయి. 4500 మీటర్ల ఎత్తులో, ఆ చలిలో బ్యాటరీ సామర్థ్యం కూడా పడిపోతుంది. కరెంటు ఎక్కడ దొరుకుతుందో హోమ్‌స్టే వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

డాలస్_పెరడు:
ఒక ముచ్చట, హాన్లే, డాలస్ దాదాపు ఒకే అక్షాంశం, రెండూ 32.8 డిగ్రీలు. నల్లమల చెప్పిన లాగుడు అక్కడ 0.84కి తగ్గుతుంది. తమ్ముడు హాన్లేకే కొంటున్నాడనుకో, నా ఓటు ఇంకా ఏఎం3కే.

కూకట్‌పల్లి_మేడ:
అందరూ చెప్పింది రెండుసార్లు చదివాను. 480 ఎం.ఎం. స్కోప్ ఆలోచన ఎంత గట్టిగా ఉందనే దాని మీదే ఆధారపడి ఉందనిపిస్తోంది. అది ఇప్పట్లో కాదు. నా 250తోనే ఈ చలికాలం అంతా డ్యూయల్ బ్యాండ్‌తో మేడ మీద తియ్యాలి, వేసవి మొదట్లో ధనూరాశి కోసం ఊరవతలకి వెళ్లాలి. అందుకని జీటీఐ, పియర్ ఎక్స్‌టెన్షన్, ఫిల్టర్. డాలస్ అన్నా, కోపం వద్దు.

డాలస్_పెరడు:
కోపమేం లేదు తమ్ముడూ, కానీ తప్పు చేస్తున్నావనే నా నమ్మకం. 480 కొన్న రోజు మళ్లీ ఇక్కడికే వస్తావు.

వైజాగ్_తీరం:
మేడ గారూ, జీటీఐ వచ్చాక క్లచ్‌లు వదులుగా ఉంచి బ్యాలెన్స్ చేసేటప్పుడు తూర్పు వైపు రవ్వంత బరువు ఎక్కువ ఉంచండి, గేర్ పళ్లు ఒకవైపే ఆనుకుని ఉంటాయి, ఆర్‌ఏ గైడింగ్ ఊగదు. మెరిడియన్ ఫ్లిప్ అయ్యాక మాత్రం ఆ బరువు పడమరకి వెళ్లిపోతుంది, అప్పుడు కౌంటర్‌వెయిట్‌ని మళ్లీ కాస్త జరపాలి.