కచేరీలు వినడానికి డాంగిల్ చాలుతుందా, లేక డాక్, ఆంప్ విడిగా కొనాలా?

తంబూరా_తీగ: సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ కొన్నాను. వినేవి ఎక్కువగా పాత కచేరీలే: ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, బాలమురళి గారి గాత్రం. ప్రస్తుతానికి ఫోన్‌కి చిన్న డాంగిల్ (హెడ్‌ఫోన్ పిన్ను పెట్టుకునే ముక్క) తగిలించి వింటున్నాను. డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చేది), ఆంప్ (ఆ సంకేతాన్ని పెంచేది) కలిపి ఇంకో ఇరవై వేలు పెట్టకపోతే ఈ హెడ్‌ఫోన్ కొన్నది దండగేనని షాపతను భయపెట్టాడు. నిజమేనా?

గుముకి_77: షాపతను అలాగే అంటాడు లెండి. మీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 300 ఓమ్స్. దానికి కావలసింది వోల్టేజీ, కరెంటు పెద్దగా తాగదు. 1 వోల్టు ఇచ్చే డాంగిల్ అయితే 3.3 మిల్లీవాట్లు అందుతాయి. గాత్రానికీ వయొలిన్‌కీ ఎక్కువే. ఇక డాక్ అంటారా, సీడీ స్థాయి 16 బిట్లలోనే అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ చోటుంది. నాయుడు గారు పోయింది 1964లో. ఆ కాలపు రికార్డుల్లో సూది గీకుడు, టేపు బుస డాక్ చేసే చప్పుడు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లక్ష పెట్టినా ఆ బుసే ఇంకాస్త శుభ్రంగా వినిపిస్తుంది!

వాల్వు_మావయ్య: లెక్కలు కాసేపు పక్కన పెట్టండి మాస్టారూ. నా దగ్గర అదే హెడ్‌ఫోన్, ట్యూబ్ (వాల్వు) ఆంప్ ఉన్నాయి. మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమవైపు) మీద అరచెయ్యి పడితే గుండెకు తగులుతుంది. డాంగిల్‌లో అదే దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది.

గుముకి_77: మావయ్యగారూ, మీకు వినిపించింది భ్రమ అనను. కారణం మాత్రం వాల్వుల మహిమ కాదు. 300 ఓమ్స్ అని డబ్బా మీద రాసినా, 100 హెర్ట్జ్ దగ్గర ఆ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ 500 దాటుతుంది. మీ ఆంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ తన వైపు పెట్టే అడ్డు) 120 అనుకుందాం. మధ్య స్వరాల దగ్గర వోల్టేజీలో హెడ్‌ఫోన్‌కి దక్కేది 420లో 300 వంతు, 100 హెర్ట్జ్ దగ్గర 620లో 500 వంతు. అంటే అక్కడ ఒక డెసిబెల్ ఉబ్బు. తొప్పి గుంకారం ఆ చుట్టుపక్కలే కదా! ప్లేనార్ (చదునైన పల్చటి పొరతో మోగే) హెడ్‌ఫోన్‌కి ఇంపెడెన్స్ అంతటా దాదాపు ఒకటే కాబట్టి దాని మీద ఈ ఉబ్బు రాదు. ఫోన్ ఈక్వలైజర్‌లో ఆ ఒక్క డెసిబెల్ పైసా ఖర్చు లేకుండా పెంచుకోవచ్చు.

సింఫనీ_శీను: కచేరీలకు సరే. నేను పాశ్చాత్య స్వరకర్త మాహ్లర్ సింఫనీలు వింటాను. గుసగుసలా మొదలై ఇత్తడి వాయిద్యాలన్నీ ఒక్కసారి విరుచుకుపడతాయి. రికార్డింగ్ సగటు స్థాయి తక్కువ కాబట్టి డాంగిల్ వాల్యూమ్ చివరిదాకా వెళ్లినా చాలలేదు. ఆంప్ కొన్నాను, పశ్చాత్తాపం లేదు. డాక్ మాత్రం పాతదే.

వాల్వు_మావయ్య: డాక్ విషయంలో నేనూ ఓడిపోయాను. మల్టీమీటర్‌తో రెండు డాక్‌ల వోల్టేజీ సమానం చేసి, కళ్లు మూసుకుని మా అబ్బాయి చేత మార్పించాను. ఏది ఏదో పదింట్లో ఆరు సార్లు చెప్పగలిగాను. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అన్నే వస్తాయి. ఇంతకుముందు ఖరీదైనది గొప్పగా అనిపించడానికి కారణం, అది కొంచెం గట్టిగా మోగడమే. అయినా వాల్వు ఆంప్ మాత్రం అమ్మను. రాత్రిపూట ఆ ఎర్రటి వెలుగు ఈక్వలైజర్‌లో దొరకదు బాబూ.

తంబూరా_తీగ: ఇప్పుడే తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం) పెట్టి చూశాను. వాల్యూమ్ మూడు వంతుల దగ్గరే చెవులు చాలనుకున్నాయి. 100 హెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ పెంచితే తొప్పి నిండింది, కానీ తంబూరా కాస్త వెనక్కి పోయినట్టనిపించి మళ్లీ తీసేశాను. ఆంప్ కొనడం లేదు.